మెడ దిగని పాటలు

పోయిన నెల జమ్మలమడుగు చర్చిలో మా టీచరమ్మ జ్ఞాపకార్థ కూటం జరిగింది. ముందు వరసలో కూర్చున్న నాకు నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట నవ్వే అలవాటు నాకు లేదు. కానీ మైకు ముందుకొచ్చిన పెద్దలంతా ఒకరి తర్వాత ఒకరు, ఆమె పాటలన్నీ ఆత్మ సంబంధమైనవేననీ, శరీర సంబంధమైన మాట ఒక్కటి కూడా ఆమె కలం నుంచి రాలేదనీ చెబుతుంటే నేనేం చేయను? పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నామె నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. టీచరమ్మ జీవితంలో ఒక్కసారి ఒక ఆడదాని నడుము మీద పాట కట్టింది. ఆ నడుము నాది. ఆ రోజు పాట విన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ వేదిక మీదే ఉన్నారు, ఎవరికీ గుర్తున్నట్టు లేదు, లేదా గుర్తు లేనట్టు కూర్చున్నారు.

నేను లెక్కల టీచర్ని. మాది ప్రొద్దుటూరు. మొదటి పోస్టింగు జమ్మలమడుగులో వచ్చినప్పుడు, చర్చి వెనక సందులో ఆమె ఇంటి పక్క గది బాడుగకు తీసుకున్నాను. ఆమె అప్పటికే రిటైరై చాలా ఏళ్ళయింది. జీవితమంతా తెలుగు చెప్పింది, పెళ్ళి చేసుకోలేదు, ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేది. పొట్టి మనిషి. నేను ఐదడుగుల తొమ్మిదంగుళాలు. మేమిద్దరం కూరగాయలకు పోతే అంగడివాళ్ళు తల ఒకసారి ఎత్తి, ఒకసారి దించి మాట్లాడేవాళ్ళు. బడిలో నా పేరు నిచ్చెన మేడం. ఆ పేరు పెట్టినవాడెవడో నాకు తెలుసు, వాడికి లెక్కల్లో మార్కులు తగ్గించలేదు, అంత నిజాయితీ నాకుంది.

మా సందు చివర షామియానాలూ మైకులూ బాడుగకిచ్చే అంగడి ఉండేది. మైకులు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడటానికి వాళ్ళు రోజూ సాయంత్రం సినిమా పాటలు పెట్టేవాళ్ళు. టీచరమ్మ అరుగు మీద కూర్చుని చెనక్కాయలు వొలుస్తూ ప్రతి పాటనూ వినేది, ప్రతి పాటనూ తిట్టేది.

“ఇప్పుడు వాడేమన్న్యాడు? ఆ పిల్ల కండ్లు చేపలంట. చేపల్ని యాడ చూసినాడంటావు వాడు? పెన్నలో నీళ్ళే లేకపాయె.”

నోరు పాటను తిడుతుంటే కుడికాలి బొటనవేలు దరువు వేసేది. నేను ఆ కాలివైపు చూస్తే చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కునేది. కాసేపటికి మళ్ళీ బయటికొచ్చేది ఆ వేలు. తను తప్పని తేల్చేసిన పాటలన్నీ ఆమెకు మొదటినుంచి చివరిదాకా కంఠతా వచ్చు. పల్లవిలో ఒళ్ళుంటుందనీ, చరణంలో బుద్ధి ఉంటుందనీ, జనం పల్లవి దగ్గరే బస్సు దిగిపోతారనీ ఆమె ఫిర్యాదు. “మరి మీరు?” అంటే “నేను కడదాకా కూచుంటా, టికెట్టు తీసుకున్న్యాక” అనేది.

పాటను పరీక్షించే పద్ధతి ఒకటుంది ఆమెకు. నచ్చిన పాటను కాగితం మీద రాయించి నా చేతికిచ్చేది. “రాగం తీసేసి చదువు పాపా. పాఠం చదివినట్ల చదువు. అప్పుడు కూడా నిలబడితే అది పాట. కూలబడితే ఉత్త బాజా.” నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేది. చాలా పాటలు రెండో లైనుకే కూలబడేవి. నిలబడినవాటిని ఆమె మడిచి బైబిల్లో పెట్టుకునేది. అయ్యగారు, అంటే మా పాస్టరు, ఇంటికొస్తే ఆ కాగితాలు బియ్యం డబ్బా వెనక్కి మారేవి.

ఇక పెళ్ళి పాటల సంగతి. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు. అయ్యగారొచ్చి ప్రార్థన చేసి, ఉంగరాలు తొడిగించి, భోంచేసి వెళ్తారు. ఆయన బండి వీధి మలుపు తిరిగాక నలుగు మొదలవుతుంది. పిల్లనూ పిల్లోణ్ణీ పక్కపక్కన పీటల మీద కూర్చోబెట్టి పసుపు పూస్తూ, ఇరువైపుల ఆడవాళ్ళూ పాటలు కట్టి పాడతారు. పిల్లను తల నుంచి కాలిదాకా ఒక్కొక్క అవయవం చొప్పున పొగడటమో తెగడటమో చేస్తారు. అయ్యగారుండగా ఆ పాటలు ఎందుకు పాడరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ నలుగు పాటలు కట్టివ్వమని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు టీచరమ్మ దగ్గరికి వచ్చేవాళ్ళు. క్రైస్తవులే కాదు, అందరూ. ఆమె కట్టిచ్చేది, కానీ ఒక షరతు మీద. “మెడ కింద నాకేం పనిలేదు. మెడ పైన కూడా లోపలుండే సరుకు గురించే రాస్తా.” పిల్ల ఫోటో తీసి చూపించబోతే ఆ ఫోటోను చేత్తో బోర్లించేది. ఫోటో ఫోనులో ఉంటే ఫోనునే బోర్లించేది. ఆ పిల్లకు ఏం తెలుసు, కోపమొస్తే ఏమంటుంది, ఏ మాట ఊరికే వాడుతుంది, ఇవే ఆమె ప్రశ్నలు.

ఒకసారి పులివెందుల వైపు నుంచి పెద్ద రైతు ఒకాయన జీపులో వచ్చాడు. మీసం, తెల్లచొక్కా, వెనక ఇద్దరు మనుషులు. నేను అరుగు మీదే పేపర్లు దిద్దుకుంటున్నాను.

“టీచరమ్మా, నా కూతురి పెండ్లి. పాట అదిరిపోవల్ల. కండ్లు, నడువు, జడ, అన్నీ రావల్ల.”

“నీ కూతురి నడువు గురించి నేను నలుగుర్లో పాడతా. నువ్వు ఆడ కూచోని ఇనగలవా అప్పా?”

ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన ఆయనకు మొదటిసారి వచ్చినట్టుంది. “అట్లయితే నడువు తీసెయ్యండి” అన్నాడు.

“ఏం తెలుసు పిల్లకు?”

“డిగ్రీ చదివింది.”

“అది కాలేజీకి తెలిసిన సంగతి. పిల్లకు ఏం తెలుసు?”

ఆయన గొంతు తగ్గించాడు. “ట్రాక్టరు తోల్తాది. నాకంటే బాగా తోల్తాది. పెండ్లికొడుకు వాళ్ళకు చెప్పలేదు ఇంకా.”

“అదీ మాట!” అని టీచరమ్మ చెనక్కాయల చాట పక్కకు తోసేసింది. నేను ఆ పెళ్ళికి పోలేదు గానీ, ఆ పాట వేంపల్లె దాకా పాకిందని తర్వాత విన్నాను. ట్రాక్టరు పాటంటే ఇప్పటికీ కొందరికి తెలుసు, రాసిందెవరో మాత్రం తెలియదు.

అలాంటి మనిషి దగ్గర నాలుగేళ్ళున్నాను కాబట్టి నాకూ అదే గొప్ప అనిపించేది. అందం సంగతి ఎత్తితే అల్పులనీ, బుద్ధిని మెచ్చితే సంస్కారవంతులనీ తీర్మానం చేసుకున్నాను. పొడుగ్గా, సన్నగా, నల్లగా ఉన్నదానికి ఆ తీర్మానం ఎంత హాయిగా ఉంటుందో మీరే ఊహించుకోండి. ముప్పై దగ్గర పడుతున్న వయసులో నాకు సంబంధం వచ్చేదాకా దానికి ఢోకా రాలేదు.

సంబంధం తెచ్చింది మా మేనత్త. పులివెందుల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్న కుటుంబం, మా సంఘమే. పిల్లోడు డిగ్రీ రెండో ఏడులో మానేసి తోట చూసుకుంటున్నాడు. నాకంటే మూడంగుళాలు పొట్టి. ప్రొద్దుటూరులో మా ఇంట్లో చూపులు జరిగాయి. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన పళ్ళెం పైకి గానీ కిందికి గానీ చూడకుండా ఎదురుగా చూస్తూ గ్లాసు తీసుకున్నాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. అంతే, వెళ్ళిపోయారు.

రెండు రోజుల తర్వాత మా అత్త ఫోను చేసి ఆయన మాటేమిటో కనుక్కుంది. ఆ వెంటనే పరుగున మా ఇంటికొచ్చింది.

“ఒప్పుకున్న్యాడు మే! చదువు చూసి ఒప్పుకున్న్యాడంట. ఎంత మర్యాదస్తుడో చూడు. రంగు గింగు, పొడుగు గిడుగు ఏం ఎత్తల్యా.”

ఇంట్లో అందరూ పొంగిపోయారు. మా నాన్న నా సర్టిఫికెట్లు మళ్ళీ ఒకసారి బయటికి తీసి చూసుకున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. నా ఎమ్మెస్సీని పీట మీద కూర్చోబెట్టి, నేను దాని పక్కన తోడుపెళ్ళికూతురిలా నిలబడినట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్నది ఇదే కదా, మరి ఈ ఏడుపేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

జమ్మలమడుగు పోయి టీచరమ్మకు చెప్పాను. ఆమె కూడా సంతోషపడింది. “చూసినావా? సంస్కారమంటే అదీ. నీ పాట నేనే కడతా. నలుగులో వాళ్ళ పక్క ఆడోళ్ళు నిన్ను తాటిచెట్టనేలోపల నీ చదువుతో వాళ్ళ నోరు మూయించల్ల.”

మూడు రోజుల్లో పాట తయారైంది. అలవాటు ప్రకారం రాగం తీసేసి చదవమని నా చేతికే ఇచ్చింది.

చిక్కులెక్క విప్పగల్గు చక్కనైన చదువులమ్మ
సుద్దముక్క పట్టెనంటే మొద్దుకైన బుద్ధులొచ్చు

ఇలా పన్నెండు లైన్లున్నాయి. ఒక్కటి కూడా అబద్ధం లేదు. ఒక్కటి కూడా కూలబడలేదు. చదవడం పూర్తిచేసి కాగితం ఆమె ఒళ్ళో పెట్టాను.

“బాగుండాదా?”

“శానా బాగుండాది టీచరమ్మా. కానీ ఇది పాట కాదు, బయోడేటా.”

ఆమె కళ్ళద్దాలు తీసింది. ఆమె పాటను అంత మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు. “ఏం తక్కువైంది? చెప్పు.”

ఏం తక్కువైందో చెప్పడానికి నాకు సిగ్గేసింది. లెక్క తప్పు ఎక్కడుందో తెలిసి, బోర్డు దగ్గరికి పోవడానికి కాళ్ళు రాని పిల్లలా నిలబడ్డాను. చివరికి కోపం సాయపడింది. నాకు సిగ్గుకంటే కోపం ముందొస్తుంది, అది నా అదృష్టం.

“నన్ను చూసినాడా లేదా, నాకు తెలియాల. అంతే. చదువునైతే కాగితం మీదే చూడొచ్చు కదా, అంత దూరం బస్సెక్కి వచ్చేదెందుకు? చదువు కోసమే అయితే నాకొద్దు. ప్రధానం నిలిపేయమంటా. మా నాయన నాతో మాట్లాడకుంటే మాట్లాడకపోనీ.”

నిజంగానే అంత దూరం ఆలోచించుకున్నాను. ప్రధానానికి తొమ్మిది రోజులుంది. పత్రికలు పంచేశారు.

మైకుల అంగడిలో ఏదో పాట నడుస్తోంది. టీచరమ్మ కాలివేలు ఆ రోజు కదల్లేదు. తర్వాత, ఎదురుగా గోడ వైపు చూస్తూ చెప్పింది.

“నాకు ఒకాయన ఉత్తరాలు రాసేటోడు పాపా. రెండేండ్లు రాసినాడు. నా పాటలు పుస్తకంలో అచ్చేసి ఉన్న్యారు సంఘమోళ్ళు, అది చదివి. ఈ మాట యాడ దొరికింది మీకు, ఆ మాట ఎంత బాగుండాది అని. నేను శానా ఎచ్చులు పోతాంటి ఆ ఉత్తరాలు చూసుకోని. ఒక్క దాంట్లో కూడా మీరెట్లుంటారు అని అడగల్యా. అదే గొప్పనుకుంటి, నీ మాదిర్నే. కడాకు కడప కూటాలకు వచ్చినాడు, నన్ను చూడల్లని. నేనూ, మా స్కూల్లో డ్రాయింగు టీచరూ కూచోనుంటిమి. ఆయన నేరుగా వచ్చి ఆ డ్రాయింగు టీచరుకు నమస్కారం పెట్టినాడు. మీ పాటలంటే నాకు ప్రాణం అన్న్యాడు ఆమెతో.”

“మీరేమన్న్యారు?”

“ఏమంటా? ఆ యమ్మి బాగుంటాది పాపా, శానా బాగుంటాది. ఆయన మొకం ఎట్ల వెలిగిపోతాండాదో చూసినా. నేను కాదు ఈమె అని చెప్తే ఆ మొకం ఎట్ల మారుతాదో, అది చూసేదానికి ధైర్యం చాలల్యా. నీళ్ళు తాగొస్తానని లేచొచ్చేస్తి. ఇంటికొచ్చినాక అనుకున్న్యా, ఇంక మెడ కింద నాకేం పనిలేదని.”

అన్నేళ్ళు ఆమె నియమాన్ని నేను సంస్కారం అనుకున్నాను. అది ఒక దెబ్బకు కట్టుకున్న కట్టని ఆ రోజు తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు, ఆమె మాత్రం ఏడవలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుని, “పోయి పడుకో. రేపు బడుండాది” అంది.

మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె ఇంటికి తాళం ఉంది. ఎక్కడికి పోయేదున్నా ఆమె నాతో చెప్పకుండా పోదు. సాయంత్రం బస్సులో దిగివచ్చింది, మొహం ఎండకు కమిలిపోయి, చేతిసంచి నిండా చీనీ కాయలతో. ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి వచ్చిందని ఆ కాయలే చెప్పాయి. సంచి అందుకోకముందే అడిగాను.

“ఏమన్న్యాడు?”

“పాట మార్చినా. ఆ పొద్దు ఇంటావులే.”

“టీచరమ్మా, ఆ పొద్దుకు ఉంగరం తొడిగేసి ఉంటారు కదా! నలుగు ఆ తర్వాతే కదా! అప్పుడు తెలిసి నేనేం చెయ్యల్ల?”

ఆమె ఒక చీనీ కాయ వొలిచి తొన నా నోట్లో పెట్టింది. “ఉంగరానికి ముందే పాడతా. ఇని, ఇష్టం లేకుంటే లేచి పో. నేనూ నీ వెంటే లేచొస్తా.”

“అయ్యగారుంటాడు కదా?”

“ఉండనీ.”

ఎంత అడిగినా అంతకు మించి చెప్పలేదు. నోటి మాటగా చెప్తే అది ఇంకొకరి మాట అవుతుందనీ, పాటలో ఆయన ముందే చెప్తే కాదనాలన్నా ఔననాలన్నా ఆయనే అనాలనీ ఆమె లెక్క. లెక్కల టీచరునైనా నాకు ఆ లెక్క అప్పుడు అర్థం కాలేదు. మిగిలిన ఎనిమిది రోజులూ నేనెలా గడిపానో నాకే తెలియదు. పిల్లలకు ఒకే లెక్క రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ వేరే వేరే జవాబులొచ్చాయి.

ప్రధానం ప్రొద్దుటూరులో మా ఇంటి ముందు షామియానా కింద జరిగింది. జమ్మలమడుగు నుంచి అయ్యగారూ, సంఘ పెద్దలూ వచ్చారు. పొద్దున పదకొండు గంటలు. నన్నూ ఆయన్నూ రెండు కుర్చీల్లో కూర్చోబెట్టారు. అయ్యగారు ప్రార్థన చేసి, వాక్యం చెప్పి, ఉంగరాల పళ్ళెం తెమ్మన్నారు. అప్పుడు టీచరమ్మ లేచి నిలబడింది. జరీ అంచు తెల్లచీర కట్టుకుంది.

“అయ్యగారూ, ఒక్క పాట పాడుకుందాం.”

కీర్తన అనుకుని అందరూ పాటల పుస్తకాల్లో పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. అయ్యగారు కళ్ళు కూడా మూసుకున్నారు. ఆమె గొంతెత్తింది. మొదట నాకు తెలిసిన లైన్లే, చిక్కులెక్కా, సుద్దముక్కా. అయ్యగారు కళ్ళు తెరిచారు. అప్పుడు ఆమె మా ఇద్దరి ముందుకూ వచ్చి, చెప్పుల్లేని కాలితో నేల మీద ధీమాగా దరువు వేస్తూ అందుకుంది.

చదువు జూసి వచ్చెనంట, చాటినారు చుట్టపోళ్ళు
నడువు జూసి నిలిచెనంట, నాకు జెప్పె చీనితోట

ఎవరో పుస్తకం కింద పడేసుకున్నారు. మా వైపు నడుమును నడువంటారు. సంఘ పెద్దల ముందు, ప్రార్థన చేసిన నోళ్ళు ఆరకముందే, ఆ మాట రెండుసార్లు పాడింది ఆమె, రెండోసారి ఇంకా సాగదీసి. నేను ఆయన వైపు తిరిగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, కానీ తల దించుకోలేదు. ఆ చిన్న సంగతి నేను చూశాను.

మొదట నోరు విప్పింది మా అత్త. నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

“నడువా! ఓరి నాయనా, నేను సదువనుకుంటి! తోటలో మోటరు మోగుతాండె. సదువు చూసి అన్న్యాడనుకోని ఊరంతా చెప్తి కదా!”

వెనక వరసలో ఆడవాళ్ళు ఎవరో కిసుక్కుమన్నారు, ఇంక ఆగలేదు, షామియానా అంతా నవ్వే. చదువును సదువనే మా అత్తకు ఫోనులో నడువుకూ సదువుకూ ఎంత దూరం? అది ఆమె చెవి చేసిన తప్పో, పెద్దింటి మర్యాద చేసిన తప్పో ఇప్పటికీ తేల్చి చెప్పదు. పెళ్ళికొడుకు అలాంటి మాట అనడు, అనకూడదు అనుకుని, విన్నదాన్ని కడిగి, ఆరేసి, ఇస్త్రీ చేసి తెచ్చి ఉంటుందని నా అనుమానం.

నేను ఆయన్ను అడిగేశాను. అందరిముందూ. “నిజమేనా?”

ఆయన మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా చెప్పాలనుకున్నాడు గానీ ముందు రెండు వరసలకు వినపడింది.

“నేను కూచోనుంటి కదా. నువ్వొచ్చి నిలబడితివి. ఎదురుగా అదే ఉన్న్యాది. శానా బాగుండాది అనిపించింది. మొకం కూడా చూడల్లనుకుంటి, అంత పైకి తలెత్తితే అందరూ కనిపెడతారని సిగ్గేసింది. పోయేటప్పుడు వాకిట్లో నుంచి చూసినా మొకం. అది కూడా బాగుండాది.” కాస్త ఆగి, “చదువు సంగతి నాకేం తెలుసు? నేను లెక్కల్లో తప్పినోన్ని” అన్నాడు.

నాకెంత నెమ్మది కలిగిందో ఎలా చెప్పను? ఇరవై తొమ్మిదేళ్ళు నా పొడుగును మోసుకు తిరిగినదాన్ని, ఆ పొడుగును ఒకడు ఇష్టంగా కిందనుంచి పైదాకా చూసుకుంటూ వచ్చాడని వింటే, కుర్చీలో ఉన్నదాన్ని ఉన్నట్టే తేలికైపోయాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అల్పులన్నానే అందం సంగతి ఎత్తినవాళ్ళను, ఆ మాట అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాను.

అయ్యగారు దగ్గి, బైబిలు సర్దుకుని, ఎవరివైపూ చూడకుండా, “ఉంగరాలు తీసుకురాండి” అన్నారు. ఆయన పెదాలు బిగించి పట్టుకున్న తీరు చూస్తే ఆయనకూ నవ్వొస్తోందనే నా నమ్మకం. పెద్దలు మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేదు. ఆ ఏడాది క్రిస్మసు పాటలు టీచరమ్మతో నేర్పించలేదు. ఆమె దాని గురించి ఎవరినీ ఒక్క మాట అడగలేదు, అరుగు మీద కూర్చుని పిల్లల పాటలు దూరం నుంచి వింటూ శ్రుతి తప్పిన చోటల్లా ముఖం చిట్లించేది.

ఆ రోజు భోజనాల దగ్గర నా పక్కనే కూర్చుంది. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఆమె మాత్రం కలుపుకున్న ముద్ద చేతిలో పట్టుకుని ఏదో ఆలోచిస్తోంది.

“ఏందీ టీచరమ్మా, అయ్యగారి గురించా?”

“కాదు. చదువుకూ నడువుకూ ప్రాస కుదరల్యా పాపా. దకారానికీ డకారానికీ పొత్తు లేదు. వ్యాకరణం ప్రకారం తప్పే.” కాసేపాగి, “మార్చొచ్చు. మారిస్తే నిజం పోతాది” అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ తర్వాత చేతులు కడుక్కోవడానికి పెరట్లో కొళాయి దగ్గరికి పోయాం. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఆమె చేతుల మీద నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను. ఆమె పాడుతున్నప్పటి నుంచీ నా నాలుక చివర ఒక మాట ఉంది. దాన్ని అనడానికి నాకు ఎందుకో భయమేసింది, అయినా అన్నాను.

“టీచరమ్మా, ఈ పొద్దు శానా అందంగా ఉండాది.”

“పాటా?” అంది, నీళ్ళ కింద చేతులు రుద్దుకుంటూ. “రెండో చరణం ఇంకొంచెం దిద్దల్ల.”

“పాట కాదు. మీరు. పాడతా నిలబడితే మీరు శానా అందంగా ఉన్న్యారు.”

ఆమె తలెత్తి నన్ను చూడటానికి చాలా పైకి చూడాల్సి వచ్చింది. ఎగతాళి చేస్తున్నానేమోనని నా మొహమంతా వెతికింది. “గమ్మునుండు పాపా” అంది. చెంబులో నీళ్ళు అయిపోయాయి. ఆమె తడి చేతులు చీరకు తుడుచుకోకుండా అలాగే పట్టుకుని నిలబడింది. కాసేపటికి, పదేళ్ళ ఆడపిల్ల అడిగినట్టు అడిగింది.

“నిజంగానా?”

“నిజంగానే.”

ఆమె పోయిందని తెలిసిన రోజు, అందరికీ ఉన్నట్టే నాకూ చెప్పకుండా మిగిలిపోయిన మాటలు చాలా గుర్తొచ్చాయి. ఈ మాట మాత్రం వాటిలో లేదు. ఆమె బతికుండగానే, ఆమె చెవికి వినపడేలా చెప్పేశాను.